విమానం నడపాలంటే: ఒక భైంసా దరఖాస్తుదారుని అనుభవాలు



ఈ ఏటి సంచికకు కథో కవితో రాసి ఇమ్మని మన యూనియన్ సాంస్కృతిక కార్యదర్శి నన్ను అడిగినాడు. కథ నాకు రాదు, కవిత అసలే రాదు. నాకు తెలిసిందల్లా రెండేళ్లపాటు ఒక దరఖాస్తు వెంబడి తిరిగిన అనుభవమే. ఆ సంగతి హాస్టల్లో ఎట్లా పాకిందో గాని, వారానికి ఒక్కరైనా నా గది తలుపు కొట్టి "అన్నా, పైలట్ కావాలంటే ఏం చెయ్యాలె? ఎంతైతది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే బదులు ఒక్కసారి అచ్చులో పెడితే నా గొంతుకూ విశ్రాంతి, అడిగేవారికీ నేను పోగొట్టుకున్నట్టు పైసలు పోకుండా ఉంటాయన్న ఆశతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో ఏ విమానంలోనూ ఎగిరిన వీరగాథ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మాది భైంసా. మొన్న మొన్నటి దాకా ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. నల్లరేగడి, పత్తి, జిన్నింగు మిల్లులు, గడ్డెన్న వాగు. బజార్లో నాలుగు మాటలు మాట్లాడితే ఒకటి తెలుగు, ఒకటి మరాఠీ, ఒకటి ఉర్దూ, నాలుగోది మూడూ కలిసినది. చదువుల తల్లి బాసరలో పక్కనే ఉన్నది గాని విమానాల దేవుడు మా వైపు ఎన్నడూ చూడలేదు. దగ్గరి విమానాశ్రయం నాందేడ్, అది మహారాష్ట్ర. ఆదిలాబాదులో నిజాం కాలం నాటి మైదానం ఒకటి ఉన్నది. అక్కడ పౌర విమానాలు దిగడానికి వైమానిక దళం 2025లో సమ్మతించిందని పేపర్లో చదివి మా కాక నాకు ఫోను చేసి మరీ చెప్పినాడు, అదేదో నా కోసమే ఇచ్చినట్టు.

భైంసా నుంచి హైదరాబాదు బేగంపేటకు మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 190 కిలోమీటర్లు. విమానాల లెక్కలో 103 నాటికల్ మైళ్లు, ఎందుచేతనంటే ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. శిక్షణకు వాడే చిన్న సెస్నా విమానం గంటకు 110 నాటికల్ మైళ్లు పోతుందనుకుంటే అది 56 నిమిషాల ప్రయాణం. మన బస్సుకు ఐదారు గంటలు. ఈ లెక్క నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిజిక్సు నోటుబుక్కు వెనకాల వేసినాను. నా జబ్బు అప్పుడే మొదలైంది.

ముందుగా ఈ 'క్యాడెట్ పైలట్' అనే మాట సంగతి. పైలట్ కావడానికి రెండు తోవలున్నాయి. ఒకటి పాత తోవ. ఏదైనా ఫ్లయింగ్ స్కూల్లో చేరి, సొంత ఖర్చుతో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుని, ఆ తరువాత ఏ ఎయిర్‌లైన్ ఉద్యోగ ప్రకటన ఇస్తుందా అని ఎదురు చూడడం. రెండోది క్యాడెట్ పద్ధతి. ఇందులో ఎయిర్‌లైనే ముందు మనిషిని ఎంపిక చేస్తుంది. తాను ఒప్పందం చేసుకున్న స్కూలుకు పంపుతుంది. లైసెన్సు, ఆపైన తాను నడిపే జెట్టు మీద ప్రత్యేక శిక్షణ పూర్తి అయితే తన దగ్గరే జూనియర్ ఫస్ట్ ఆఫీసరుగా తీసుకుంటానని షరతులతో కూడిన ఉత్తరం ఇస్తుంది. ఆ జెట్టు శిక్షణను 'టైప్ రేటింగ్' అంటారు.

ఈ పద్ధతి మనది కాదు. ఇంగ్లండులో రెండు ప్రభుత్వ విమాన సంస్థల కోసం 1960లో హాంబుల్ అనే చోట వైమానిక కళాశాల తెరిచినారు. జర్మనీలో లుఫ్తాన్సా సంస్థ అంతకు ముందే, 1956లో, బ్రెమెన్‌లో తన పాఠశాల పెట్టుకున్నది. యుద్ధంలో విమానాలు నడిపినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు, కొత్తవాళ్లు కావాలె, కాబట్టి కంపెనీలే కుర్రవాళ్లను పట్టుకుని తయారు చేసుకున్నాయి. అమెరికా మాత్రం వేరే దారి పట్టింది. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తరువాత అక్కడ ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలని చట్టం చేసినారు. మన దగ్గర 200 గంటలతో లైసెన్సు వస్తుంది, దానితోనే పెద్ద విమానంలో కుడిచేతి సీటు దొరుకుతుంది. అందువల్లనే ఇక్కడ క్యాడెట్ పద్ధతి నడుస్తున్నది. ఇండిగో 2011 నుంచి ఇటువంటి కార్యక్రమం నడుపుతున్నది. ఎయిర్ ఇండియా మహారాష్ట్రలోని అమరావతిలో పెద్ద శిక్షణ కేంద్రం పెడుతున్నట్టు 2024లో ప్రకటించింది. ఇది ఆంధ్రావారి అమరావతి కాదు, విదర్భలోది. భైంసా నుంచి గీత గీస్తే హైదరాబాదు ఎంత దూరమో అదీ ఇంచుమించు అంతే.

ఇక అర్హతలు. ఇవి చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్సు ఉండి పాసై ఉండాలె. క్యాడెట్ కార్యక్రమాలవాళ్లు ఈ రెంటిలోనూ, ఇంగ్లీషులోనూ కనీసం ఇన్ని మార్కులని తమ గీత తాము గీసుకుంటారు. బై.పి.సి. వారికి మ్యాథ్సు, సి.ఇ.సి. వారికి రెండూ లోటు. వారు జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా ఆ సబ్జెక్టులు రాసుకుని వచ్చినవారు ఉన్నారు, సిగ్గుపడే పని లేదు. స్టూడెంట్ లైసెన్సుకు 16 ఏళ్లు, కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలె. డిగ్రీ అవసరం లేదు. ఈ చివరి మాట మా ఇంట్లో చెప్పకుండా దాచినాను. చెబితే ఈ కాలేజీలో చేరకపోదును, మీకు ఈ వ్యాసమూ తప్పును.

అసలు సంగతి వైద్య పరీక్ష. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తలకిందులు పని చేస్తున్నారు.

పైలట్‌కు రెండు మెడికల్ సర్టిఫికెట్లు ఉంటాయి. ముందు క్లాస్ 2. పౌర విమానయాన డైరెక్టరేట్, అనగా అందరూ డీజీసీఏ అని పిలిచే కార్యాలయం, ఆమోదించిన డాక్టర్లు చేస్తారు. ఇలాంటి డాక్టర్లు హైదరాబాదులో ఉన్నారు. ఆ తరువాత క్లాస్ 1. ఇది కఠినం, ఆమోదించిన కేంద్రాల్లోనే చేస్తారు. కమర్షియల్ లైసెన్సుకు ఇది కావలసిందే. గుండె పరీక్ష, చెవి పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగు, రక్తం, మూత్రం, కళ్లు అన్నీ చూస్తారు. కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరన్నది మన దగ్గర బాగా పాకిన అబద్ధం. అద్దాలతో చూపు సరిపోయినట్టయితే ఫరవాలేదు. కాని రంగుల చూపు లోపం వేరే విషయం. రంగు చుక్కలలో దాగిన అంకెలు చదవమంటారు. ఆ పుస్తకం పేరు ఇషిహారా. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి ఇక్కడే తలుపు మూసుకుపోతుంది, దానికి మందు లేదు.

నాతో పాటు దరఖాస్తు పెట్టిన నిర్మల్ వైపు మిత్రుడొకడు ఉన్నాడు. పేరు రాయను. లెక్కల్లో నాకన్నా చురుకు. హైదరాబాదులో ఒక కోచింగు సంస్థలో హాస్టలుతో సహా రెండు లక్షలు ముందే కట్టేసినాడు. వాళ్లు మెడికల్ సంగతి అడగలేదు, వాడూ అడగలేదు. నాలుగు నెలలు నావిగేషను చదివిన తరువాత క్లాస్ 2కు పోతే, పదిహేను పేజీలు తిప్పేసరికి డాక్టరు పుస్తకం మూసినాడట. ఇరవై ఏళ్లు వాడు ట్రాఫిక్ లైటును రంగు చూసి కాదు, పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూసి గుర్తుపడుతున్నాడని అప్పుడు బయటపడింది. కట్టిన పైసలు తిరిగి రాలేదు. ఇప్పుడు బి.ఇడి. చదువుతున్నాడు. నన్ను మొదట కంటి పరీక్ష చేయించుకొమ్మని చెప్పింది వాడే, అప్పటికి వాడికి తన సంగతి తెలియదు.

కాబట్టి ఎవరైనా నా గదికి వస్తే నేను మొదట అడిగే ప్రశ్న "రంగులు చూపించుకున్నవా?" అని. ఊళ్లోని కంటి డాక్టరు దగ్గర కూడా ఆ పుస్తకం ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఆ తరువాత క్లాస్ 2, వీలైతే క్లాస్ 1 కూడా, ఎవరికీ ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే. మెడికల్‌కు కొన్ని వేలు అవుతాయి. లక్షలు పోవడం కన్నా అది నయం.

ఇదే సందర్భంలో నా తెలివితక్కువ కూడా ఒప్పుకుంటాను. 'సీటు గ్యారంటీ' అని బోర్డు పెట్టిన ఒక కన్సల్టెన్సీకి నేను 25,000 రూపాయలు ఇచ్చినాను. వాళ్లు నాకు చేసిపెట్టిన పని ఏమిటంటే ఎయిర్‌లైన్ వారి దరఖాస్తు ఫారం నింపడం. ఆ ఫారం ఎవరైనా ఇంట్లో కూర్చుని నేరుగా నింపవచ్చునని తరువాత తెలిసింది. పైగా అందులో నా పేరు ఒక చోట తప్పు రాసినారు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో పేరు, ఇంటి పేరు అక్షరం అక్షరం ఒకే తీరుగా ఉండాలె. నాకు దాన్ని సరి చేయించుకోవడానికే ఒక నెల పట్టింది.

ఎంపిక పరీక్షలు సంస్థను బట్టి కొంచెం మారినా తీరు ఒక్కటే. మొదట కంప్యూటరు మీద మ్యాథ్సు, ఫిజిక్సు, ఇంగ్లీషు, తర్కం. ఇంటర్ స్థాయి దాటదు గాని సమయం తక్కువ. తరువాత ఆప్టిట్యూడ్ పరీక్ష. ఒక చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని తెర మీద తిరిగే చుక్కను గడిలో నిలపాలె, అదే సమయంలో చెవిలో వినబడే అంకెలు గుర్తు పెట్టుకోవాలె, మధ్యలో ఎర్ర దీపం వెలిగితే మీట నొక్కాలె. దీన్ని చదివి పాస్ కాలేము. మా ఊరి బస్టాండులో మూడు భాషల్లో ఒకేసారి పిలుపులు వింటూ పెరిగినవాడికి ఇది కొంత సులభమేమో అని నాకొక అనుమానం, రుజువు లేదు. ఆ పైన మనస్తత్వ ప్రశ్నావళి, బృందంగా చేసే పని, చివరికి ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూకు పోయే ముందు నేను భయపడింది ఇంగ్లీషు గురించి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని. కాని అక్కడ వాళ్లకు కావలసింది షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. ప్రపంచ పౌర విమానయాన సంస్థ పైలట్లకు భాషలో ఆరు మెట్లు పెట్టింది, అంతర్జాతీయంగా ఎగరాలంటే నాలుగో మెట్టు చాలు. సూటిగా, తడుముకోకుండా, అవతలివాడికి అర్థమయ్యేలా చెప్పడం, అర్థం కాకపోతే 'మళ్లీ చెప్పండి' అని అడగడం. ఇది అలవాటైతే వస్తుంది. నేను రేడియో అక్షరమాల మా ఎడ్ల కొట్టంలో వల్లె వేసినాను. ఆల్ఫా, బ్రావో, చార్లీ అని ఒక్కొక్క పశువుకు పేరు పెట్టుకున్నాను. మా అవ్వ ఇప్పటికీ చిన్న దూడను చార్లీ అనే పిలుస్తుంది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వారిలో పెద్దాయన నా ఫారం చూసి "మీ ఊళ్లో మే నెలలో ఎండ ఎంత?" అని అడిగినాడు. 44 డిగ్రీలన్నాను. "అయితే విమానానికి ఏమవుతుంది?" ఇది నాకు తెలిసిన ప్రశ్నే. వేడి గాలి పలుచన. పలుచని గాలిలో రెక్కకు లేపే బలం తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లరు పట్టూ తగ్గుతుంది. కాబట్టి పైకి లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలె. లెక్క కూడా చెప్పమన్నారు. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 1,200 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, ప్రామాణిక వాతావరణం ప్రకారం ఆ ఎత్తులో ఉండవలసిన వేడి 12.6 డిగ్రీలు. సముద్రమట్టం వద్ద 15, ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు రెండు డిగ్రీలు తగ్గుతుంది కదా. ఉన్నది 44, అంటే 31 డిగ్రీలు ఎక్కువ. ఎక్కువైన ఒక్కో డిగ్రీకి 120 అడుగులు కలిపితే మొత్తం 5,000 అడుగుల దాకా వస్తుంది. అంటే మే నెల మధ్యాహ్నం భైంసాలో నేల మీద నిలబడి ఉన్నా, విమానం మాత్రం తాను ఐదు వేల అడుగుల కొండ మీద ఉన్నాననుకుంటుంది. ఇది చెబుతుంటే ఆయన మొదటిసారి నవ్వినాడు.

రెండో ప్రశ్న దిశ తప్పడం గురించి. పత్తి చేలో సాలు కొట్టేవాడికి ఇది చెప్పనక్కర లేదు. గట్టు దగ్గర వేలెడంత వంకర పోతే అవతలి గట్టుకు పోయేసరికి బారెడవుతుంది. విమానాల్లో దీనికి ఒక సూత్రం ఉన్నది: 60 మైళ్లు పోయేసరికి ఒక డిగ్రీ తప్పు ఒక మైలు అవుతుంది. భైంసా నుంచి బేగంపేటకు 103 నాటికల్ మైళ్లు గనుక ఒక్క డిగ్రీ తప్పితే మూడు కిలోమీటర్ల పైన పక్కకు పోతాము. మా బాపుకు ఇది ఇంటికొచ్చి చెప్పినాను. "దీనికి గంత పెద్ద చదువెందుకురా" అన్నాడు.

మూడో ప్రశ్నకు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాను. "మీరు కుడి సీట్లో ఉన్నారు. కెప్టెన్ ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడు. ఆయన తప్పు చేస్తున్నాడని మీకనిపించింది. ఏం చేస్తారు?" నేను 'మర్యాదగా గుర్తు చేస్తాను' అన్నాను. "ఆయన వినలేదు." 'మళ్లీ చెబుతాను.' "మళ్లీ వినలేదు." నేను ఆగిపోయినాను. మిత్రులారా, మనం పెరిగిన తీరు చూడండి. పెద్దలు మాట్లాడుతుంటే నడుమ మాట్లాడొద్దు, మాస్టరు తప్పు చెప్పినా లేచి అనొద్దు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయినారు. దిగొద్దు, మళ్లీ పైకి తీసుకుపొమ్మని కో-పైలట్ చెప్పినా కెప్టెన్ దింపడానికే పూనుకున్నాడని విచారణలో తేలింది. 1977లో టెనెరిఫేలో రెండు జంబో జెట్లు గుద్దుకుని 583 మంది పోయిన ఘటనలోనూ, ఎదుటి విమానం రన్‌వే మీద నుంచి తప్పుకున్నదా అన్న అనుమానం కాక్‌పిట్‌లో ఒకరికి వచ్చింది, పెద్దాయన దాన్ని కొట్టిపారేసినాడు. అందుకే ఇప్పుడు కంపెనీలు చేతి నైపుణ్యంతో పాటు నోరు విప్పే గుణాన్ని కూడా వెతుకుతున్నాయి. అవసరమైతే చిన్నవాడు 'కంట్రోల్ నా దగ్గర' అని చెప్పి తీసుకోవాలని ఇప్పుడు నేర్పుతారు. ఈ జవాబు నాకు తిరుగు బస్సులో కామారెడ్డి దాటినాక తట్టింది.

అయినా ఉత్తరం వచ్చింది. షరతులతో కూడిన ఎంపిక. ఇరవై ఒక్క రోజుల్లో మొదటి వాయిదా కట్టాలని, ఒప్పంద పత్రం మీద తండ్రి కూడా సంతకం చేయాలని.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇటువంటి కార్యక్రమాలకు టైప్ రేటింగుతో కలిపి కోటి రూపాయల దాకా, కొన్నింటికి ఆపైన అవుతుంది. క్యాడెట్ అనగానే కంపెనీ ఖర్చు పెడుతుందని మా ఊళ్లో అందరూ అనుకున్నారు. విదేశాల్లో కొన్ని సంస్థలు అట్లా చేస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో మొదలుపెట్టిన అకాడమీలో శిక్షణ ఖర్చు కంపెనీదే. మన దగ్గర మాత్రం ఖర్చు అభ్యర్థిదే, సాధారణంగా. కంపెనీ ఇచ్చేది మాట.

బాపు, నేను బ్యాంకుకు పోయినాము. విద్యా రుణాల నియమం ప్రకారం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలె. మాకు ఐదెకరాల భూమి ఉన్నదని బాపు పాస్‌బుక్కు బల్ల మీద పెట్టినాడు. మేనేజరు మంచివాడే, చాయ్ కూడా తెప్పించినాడు. కాని వ్యవసాయ భూమి పనికిరాదన్నాడు. కారణం ఏమిటంటే, బాకీ తీర్చకపోతే కోర్టుకు పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులకు 2002లో ఒక చట్టం వచ్చింది, సర్ఫేసీ అంటారు. రైతును కాపాడడానికి ఆ చట్టం నుంచి వ్యవసాయ భూమిని మినహాయించినారు. మంచి పనే. కాని దాని వల్ల ఇటువంటి పెద్ద రుణానికి వ్యవసాయ భూమిని తీసుకోవడానికి బ్యాంకులు ముందుకు రావు. పట్నంలో ఇల్లో, రిజిస్టరైన ప్లాటో కావాలె. హైదరాబాదులో రెండు గదుల ఫ్లాటున్న గుమాస్తా కొడుకుకు తెరుచుకునే తలుపు, ఐదెకరాలున్న భైంసా రైతు కొడుకుకు తెరుచుకోలేదు. బాపు పాస్‌బుక్కు తీసి మళ్లీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకున్నాడు. తోవలో ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి అన్నాడు: "బిడ్డా, మూడెకరాలు అమ్ముదాం. రోడ్డు పక్కది, ధర వస్తది. తక్కువైంది మీ మామ సర్దుతడు."

నేను నోటుబుక్కు తీసినాను. కోటి రూపాయలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకున్నామనుకుంటే నెల వాయిదా 1,37,750 రూపాయలు. సంవత్సరానికి పదహారున్నర లక్షలు. శిక్షణ కాలం రెండేళ్ల వడ్డీయే 22 లక్షలు దాటుతుంది. మా ఐదెకరాల్లో ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ల చొప్పున 40 క్వింటాళ్ల పత్తి. 2024-25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 7,521 రూపాయలు. మొత్తం 3,00,840. అందులోంచి విత్తనాలు, మందులు, ఏరే కూలీలు పోవాలె. ఉద్యోగం వచ్చినట్టయితే తీర్చగలం, పైలట్ జీతాలు ఆ మాత్రం ఉంటాయి. రాకపోతే?

రాకపోవడం ఉత్త మాట కాదు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డరు ఇచ్చిన మాట నిజం. కాని 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినాయి. అప్పుడల్లా వేల గంటల అనుభవమున్నవాళ్లు వరుసలో ముందుకొచ్చి నిలబడితే 200 గంటలవాడు వెనక్కు పోయినాడు. ఉత్తరంలో 'షరతులతో' అన్న మాట ఉన్నది. ఒప్పందాన్ని మూడుసార్లు చదివితే నాకు అర్థమైంది ఇది: సంస్థకు ఆ సమయంలో ఖాళీలుంటేనే ఉద్యోగం. వాయిదాలకు మాత్రం 'ఉంటే' అనే మాట లేదు.

"వద్దు బాపూ" అన్నాను. ఆయన నా వైపు అట్లాగే చూసినాడు. "అమ్మేది నేను. నీకెందుకు భయం?" అన్నాడు. మళ్లీ వద్దన్నాను. ఆయన కోపం చేసుకుని లేచిపోయినాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోసారి చెప్పడానికి అవ్వను అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఇరవై ఒకటో రోజు గడిచిపోయింది. ఆ సాయంత్రం నేనేమీ తినలేదని రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఇది చదివి ఎవరూ క్యాడెట్ దారి చెడ్డదనుకోవద్దు. పట్నంలో ఆస్తి ఉండి, వాయిదాలు భరించగల ఇంటివారికి ఇది దగ్గరి తోవే. మిగిలినవారికి తోవ పొడుగు, అంతే.

ఆ పొడుగు తోవ ఏమిటో చెబుతాను. డీజీసీఏ రాతపరీక్షలు ఏ స్కూల్లో చేరకుండానే రాయవచ్చు. నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, ఆ పైన మనం ఎగిరే విమానానికి సంబంధించిన టెక్నికల్ స్పెసిఫిక్. ఇంటర్ సర్టిఫికెట్లు పంపి ముందు ఒక కంప్యూటర్ నెంబరు తీసుకోవాలె. ప్రతి పేపరులోనూ నూటికి 70 రావాలె. ఇవి కాక రేడియో మాట్లాడే లైసెన్సు ఒకటి. అది ఎన్నో ఏళ్లు టెలికాం శాఖ చేతిలో ఉండేది, 2024 నాటి కొత్త విమానయాన చట్టంతో డీజీసీఏకు మారింది. పుస్తకాలు సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి. పరీక్ష ఫీజులు మనం భరించగలిగినవే. ఈ చదువంతా చేతిలో ఉంచుకుని ఫ్లయింగ్ స్కూలుకు పోతే అక్కడ కూర్చుని తినే నెలలు తగ్గుతాయి. 200 గంటల ఎగురుడులో 100 గంటలు తానే కమాండుగా, అందులో ఒకటి 300 నాటికల్ మైళ్ల ప్రయాణం, ఐదు గంటలు రాత్రి పూట. ఇవి పూర్తి కావడానికి వానాకాలం, విమానాల మరమ్మత్తులు, బోధకుల కొరత అన్నీ అడ్డం వస్తాయి. ఏడాది అని చెప్పిన చోట రెండేళ్లు పట్టినవాళ్లు ఉన్నారు. స్కూలును ఎంచుకునే ముందు అక్కడ ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, పోయిన ఏడు చేరినవాళ్లకు ఎన్ని గంటలైనాయో ఆ పిల్లలనే అడగండి, ఆఫీసులో అడగొద్దు. డీజీసీఏ 2025లో స్కూళ్లకు తరగతులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో పై రెండు తరగతుల్లోకి ఒక్క స్కూలూ రాలేదు.

ప్రభుత్వ సంస్థల్లో పేరున్నది ఉత్తర ప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో 1980ల మధ్యలో పెట్టిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఖర్చు క్యాడెట్ కార్యక్రమంలో సగానికి అటూ ఇటూ. మహారాష్ట్రలో గోందియాలో ఒక పెద్ద స్కూలున్నది, హైదరాబాదులో బేగంపేటలో మన రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఉన్నది. పైసా ఖర్చు లేకుండా ఎగరాలనుకునేవారికి వైమానిక దళం ఉండనే ఉన్నది. ఇంటర్ తరువాత ఎన్.డి.ఏ., డిగ్రీ తరువాత ఆఫ్‌క్యాట్. శిక్షణ మన దుండిగల్‌లోనే. కాని అది ఉద్యోగం కాదు, జీవితం. దేశం కోసం ఒప్పుకుని పోవాలె, లైసెన్సు కోసం కాదు.

బేగంపేట పేరు వచ్చింది గనుక ఒక మాట. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అనే ఆమెను ఆడమనిషి అని ఎనిమిది విమాన కంపెనీలు కాదన్నాయి. ఆమెకు ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశంలో విమాన సంస్థలో చేరిన మొదటి మహిళా పైలట్ అట్లా ఈ నేల నుంచి ఎగిరింది. ఇప్పుడు మన దేశపు పైలట్లలో స్త్రీలు 15 శాతం దాకా ఉన్నారని ప్రభుత్వమే చెప్పింది, ప్రపంచ సగటుకు అది చాలా ఎక్కువ. మన కాలంలో చూస్తే పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా ఉన్నది. తండ్రి బేకరీలో పని చేసినాడు. సియాసత్ పత్రిక సంపాదకుడు చేయి అందించగా ఆమె హైదరాబాదులోనే శిక్షణ పొందింది. లైసెన్సు వచ్చినాక కూడా పెద్ద విమానాల శిక్షణకు పైసలు లేక ఆగిపోతే తెలంగాణ ప్రభుత్వం 36 లక్షలు మంజూరు చేసింది. ఏళ్లు పట్టింది, కాని ఎయిర్‌లైన్‌లో చేరింది. మన అమ్మాయిల హాస్టల్ నుంచి ఇంతవరకు నన్ను అడగడానికి ఇద్దరే వచ్చినారు. ఇంకా రావాలె.

నా సంగతి ఇప్పుడు ఇదీ. క్లాస్ 2 అయింది, క్లాస్ 1 కూడా చేతిలో ఉన్నది. మెటియోరాలజీ మొదటిసారే పోయింది, వానల కోసం ఆకాశం చూసే ఇంట్లో పుట్టినందుకు ఆ మాత్రం రావాలె. నావిగేషన్‌లో మొదటిసారి 64 వచ్చి తప్పినాను, రెండోసారి 78. రెగ్యులేషన్స్ వచ్చే నెల ఉన్నది. ఫుర్సత్‌గంజ్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టినాను. ఆ ఖర్చుకు ఏం చేస్తామన్నది ఇంకా తేలలేదు. మా మామ నిజామాబాదులోని తన ఇంటి కాగితాలు చూపించడానికి ఒప్పుకున్నాడు, అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

పోయిన దసరాకు ఇంటికి పోయినప్పుడు బాపు, నేను చేలో ఉన్నాము. తూర్పున చాలా ఎత్తులో ఢిల్లీ వైపు పోయే విమానం తెల్లటి గీత గీసుకుంటూ పోతున్నది. బాపు పత్తి సంచి దింపి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినాడు. "ఎంత ఎత్తుంటది?" అని అడిగినాడు. ముప్పై అయిదు వేల అడుగులుండొచ్చన్నాను. "మరి ఎక్కడి నుంచి దిగుడు మొదలు పెట్టాలె?" ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో హెచ్చవేస్తే మైళ్లు వస్తాయి బాపూ, నూట అయిదు నాటికల్ మైళ్ల ముందు నుంచి అన్నాను. ఆయన కొంచెం సేపు లెక్క వేసుకున్నాడు.

"అంటే హైదరాబాదులో దిగేటోడు మన చేను మీదనే మొదలు పెట్టాలె" అన్నాడు.

అవునన్నాను. సంచి మళ్లీ నడుముకు కట్టుకుని, చీకటి పడకముందే ఇంకో రెండు సాళ్లు ఏరుదాం రమ్మన్నాడు.